నౌకాతలంపై తేజస్

విమానం పుట్టిన ఏడేండ్లకే నౌక మీదికెక్కింది. 1903లో రైట్ సోదరులు తొలిసారిగా గాలిలోకి లేచారు. 1910 నవంబరు 14న యూజీన్ ఎలీ అనే అమెరికా వైమానికుడు బర్మింగ్‌హామ్ అనే యుద్ధనౌకపై చెక్కలతో కట్టిన వేదిక మీద నుంచి తన విమానాన్ని నడిపి ఒడ్డుకు చేరుకున్నాడు. వేదిక దాటగానే విమానం కిందికి జారి, దాని చక్రాలు నీటిని తాకాయి. అయినా అది మునగలేదు. రెండు నెలల తరువాత, 1911 జనవరి 18న, అతడే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో నిలిచివున్న పెన్సిల్వేనియా నౌకపై దిగాడు. దిగే చోట అడ్డంగా తాళ్లు పరచి, ప్రతి తాటి చివరలకు ఇసుక సంచులను కట్టారు. విమానం అడుగున అమర్చిన కొక్కేలు ఆ తాళ్లను పట్టుకోగా, ఇసుక బరువు విమానాన్ని లాగి ఆపింది. తాళ్లకు బదులుగా ఉక్కు తీగలు, ఇసుక సంచులకు బదులుగా నౌక గర్భంలోని యంత్రాలు వచ్చాయే గాని, నేటికీ నౌక మీద యుద్ధ విమానం ఆగే పద్ధతి ప్రధానంగా అదే.

నేల మీద ఎగిరే విమానానికి, నౌక మీద నుంచి ఎగిరే విమానానికి చూపులకు పెద్ద భేదం కనిపించదు. రెండింటికీ రెక్కలున్నాయి, ఇంజను ఉంది, చక్రాలున్నాయి. కాని వాటి మధ్య ఉన్న అంతరం ఎంతటిదో భారతదేశం స్వయంగా తెలుసుకొన్న కథ ఒకటి ఉంది. అది తేజస్ నౌకాదళ విమానం కథ. ఈ విమానం ఆకాశానికి ఎగిరింది, నౌకపై వాలింది, తిరిగి నౌకపై నుంచి లేచింది. అయినప్పటికీ నౌకాదళ సేవలో మాత్రం చేరలేదు.

సమస్య ఎక్కడ ఉన్నదో మొదట గ్రహించాలి. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారి పక్కన మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఒకటి ఉంది. చిట్యాల, పరకాల ప్రాంతాల వారికి దగ్గరలో ఉన్న రన్‌వే అదే. దాని పొడవు ఇంచుమించు 1,800 మీటర్లు. భారత నౌకాదళానికి చెందిన విక్రమాదిత్య నౌక మొత్తం పొడవు 284 మీటర్లు. అంటే మామునూరు రన్‌వే మీద అటువంటి నౌకలను ఒకదాని వెనుక ఒకటిగా ఆరింటిని నిలుపవచ్చు. నౌక మీద విమానం దిగడానికి కేటాయించిన భాగం అంతకంటె చాలా చిన్నది. పైగా నేల కదలదు. నౌక ముందుకు సాగుతుంది, అలల మీద పైకీ కిందికీ ఊగుతుంది, పక్కలకు ఒరుగుతుంది. నడిసముద్రంలో దారి తప్పితే దిగడానికి మరొక చోటు ఉండదు.

నేలపై దిగే విమానాన్ని వైమానికుడు చివరి క్షణంలో ముక్కు పైకెత్తి, వేగాన్ని తగ్గించి, మెల్లగా నేలకు ఆనిస్తాడు. నౌక మీద ఆ వెసులుబాటు లేదు. అక్కడ తీగలు పరచిన కొద్దిపాటి స్థలంలోనే చక్రాలు తాకాలి. కొంచెం ముందుగా తాకితే నౌక వెనుక అంచును ఢీకొంటుంది, కొంచెం ఆలస్యమైతే కొక్కేనికి తీగ దొరకదు. అందువల్ల విమానం ఒకే వాలులో దిగుతూ వచ్చి, మెత్తదనమేమీ లేకుండా డెక్కును గుద్దుకుంటుంది. నిలువుగా కిందికి దిగే వేగం రెట్టింపయితే చక్రాలూ వాటి దండాలూ భరించవలసిన గతిజ శక్తి నాలుగింతలవుతుంది. మరొక విచిత్రం కూడా ఉంది. డెక్కును తాకిన మరుక్షణం వైమానికుడు ఇంజను వేగాన్ని తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు. కొక్కెం తీగను పట్టుకొన్నదో లేదో అప్పటికి అతనికి తెలియదు. పట్టుకోకపోతే తిరిగి గాలిలోకి లేవడానికి ఆ వేగమే ఆధారం. ఆగడానికి వచ్చినవాడు ఎగరడానికి సిద్ధమై దిగడం నౌకాయానంలోని మొదటి పాఠం.

లేవడం కూడ అంత సులభం కాదు. అమెరికా, ఫ్రాన్స్ దేశాల పెద్ద నౌకలలో విమానాన్ని ముందుకు విసిరే యంత్రాలుంటాయి. విక్రమాదిత్యలో అవి లేవు. దాని ముందుభాగం 14 డిగ్రీల వాలుతో పైకి వంగి ఉంటుంది. దీనిని స్కీ జంప్ అంటారు. విమానం ఇంజను పూర్తి బలాన్ని అందుకునే వరకు చక్రాలకు డెక్కు మీది అడ్డుకట్టలు పట్టు ఇస్తాయి. అడ్డుకట్టలు కిందికి జారగానే విమానం రెండు వందల మీటర్లలోపు పరుగెత్తి, వంపు ఎక్కి, బాణంలా పైకి లేస్తుంది. విసిరే యంత్రం లేదు గనుక ఇక్కడ భారమంతా ఇంజను మీదనే పడుతుంది. ఈ మాటను గుర్తుంచుకోవాలి, తరువాతి కథ దీని చుట్టూనే తిరిగింది.

భారతదేశం తన మొదటి విమానవాహక నౌక విక్రాంత్‌ను బ్రిటన్ నుంచి కొని 1961లో నౌకాదళంలో చేర్చుకొన్నది. ఆంధ్రతీరానికి ఈ నౌకతో సన్నిహితమైన చరిత్ర ఉంది. 1971 యుద్ధకాలంలో విక్రాంత్‌ను వెతుకుతూ వచ్చిన ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి, డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్నం తీరంలో మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ విశాఖలో లేదు, అండమాన్ దీవుల వైపు తరలిపోయింది. ఆ నౌక మీది సీహాక్, అలీజె విమానాలే తూర్పు తీరంలో చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాడి చేశాయి. సీహాక్ బ్రిటన్‌లో తయారైనది, అలీజె ఫ్రాన్స్‌ది. 1983లో వచ్చిన సీ హారియర్ కూడ బ్రిటన్‌దే. ఆ తరువాత మిగ్ 29కె రష్యా నుంచి వచ్చింది. నౌకలు మారాయి, విమానాలు మారాయి, కాని విమానం అమ్మిన దేశం మీద ఆధారపడే స్థితి మారలేదు. విడిభాగం కావాలన్నా, మరమ్మతు కావాలన్నా పరదేశపు కర్మాగారం వైపు చూడవలసిందే. స్వదేశీ నౌకాయుద్ధ విమానం కావాలన్న కోరిక ఈ అనుభవంలో నుంచి పుట్టింది.

ఈ కోరికకు ఆధారంగా అప్పటికే ఒక విమానం రూపొందుతున్నది. 1983లో భారత ప్రభుత్వం తేలికపాటి యుద్ధ విమానాన్ని నిర్మించడానికి ఆమోదం తెలిపింది. మరుసటి సంవత్సరం బెంగళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. ఈ ప్రణాళికకు సారథ్యం వహించి, ప్రధాన రూపకర్తగా పనిచేసినవారు డాక్టర్ కోట హరినారాయణ. తెలుగువారు అధికంగా నివసించే ఒడిశాలోని బరంపురంలో 1943లో ఆయన జన్మించారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోను, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోను చదివారు. పని చేపట్టేనాటికి దేశంలో అటువంటి విమానానికి కావలసిన కంప్యూటర్ నియంత్రణ విధానం లేదు. కర్బన తంతువులతో రెక్కలు చేసిన అనుభవం కూడ లేదు. 1998లో పోఖరాన్ అణుపరీక్షల తరువాత అమెరికా ఆంక్షలు విధించడంతో, అక్కడి సంస్థతో కలిసి నియంత్రణ విధానం మీద పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞులు మధ్యలోనే వెనుదిరగవలసి వచ్చింది. మిగిలిన పనిని బెంగళూరులోనే పూర్తి చేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని తొలిసారిగా ఎగురవేశారు. 2003లో ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి దానికి తేజస్ అని పేరు పెట్టారు. హరినారాయణ 2002 నుంచి 2005 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు.

తేజస్ పేరు పొందిన ఆ 2003లోనే దాని నౌకాదళ రూపానికి ప్రభుత్వ ఆమోదం లభించింది. ఆలోచన సహేతుకంగానే కనిపించింది. వాయుసేన కోసం చేసిన విమానం సిద్ధంగా ఉంది. దానికి బలమైన కాళ్లు, ఒక కొక్కెం అమర్చితే నౌకా విమానమవుతుంది, ఖర్చు తగ్గుతుంది, కాలం కలసివస్తుంది. చేతిలో ఉన్న పాత్రతోనే కొత్త వంట చేయడం వంటిదే ఈ ఆలోచన.

పని మొదలుపెట్టిన తరువాత ఒక్కొక్క మార్పూ మరొక మార్పును వెంటబెట్టుకు వచ్చింది. డెక్కు మీద పడే దెబ్బను తట్టుకోవడానికి ల్యాండింగ్ గేరును మరింత బలంగా, పొడవుగా చేయవలసి వచ్చింది. ఆ దెబ్బ చక్రాల దండాల నుంచి విమాన దేహంలోకి పాకుతుంది గనుక దేహం లోపలి చట్రాన్ని కూడ దిట్టపరచారు. కొక్కెం తీగను పట్టినపుడు విమానం వెనుకభాగం మీద పడే లాగుడును భరించడానికి ఆ భాగాన్ని బలపరచారు. దిగేటపుడు వైమానికుడికి డెక్కు స్పష్టంగా కనిపించాలి. తేజస్ వంటి త్రిభుజాకార రెక్కల విమానం తక్కువ వేగంలో ముక్కు పైకెత్తి ఎగురుతుంది, ఆ ముక్కే చూపునకు అడ్డం వస్తుంది. అందుకని ముక్కును కిందికి వంచారు. వేగం మరింత తగ్గినా పట్టు తప్పకుండ, రెక్కలు దేహాన్ని కలిసేచోట ముందు భాగంలో లెవ్‌కాన్ అనే కదిలే పలకలను అమర్చారు. లేచిన వెంటనే ఏదైనా లోపం ఏర్పడితే బరువు తగ్గించుకొని త్వరగా దిగడానికి, ఇంధనాన్ని గాలిలో పారబోసే ఏర్పాటు చేశారు. ఉప్పుగాలికి లోహం తుప్పు పట్టకుండ చేయడం వేరే పని.

ఎడ్లబండికి ఎక్కువ ధాన్యం మోయించాలని ఇరుసును లావు చేస్తే చక్రాన్నీ లావు చేయాలి, చక్రం లావైతే బండి బరువెక్కుతుంది, బండి బరువెక్కితే ఇంతకుముందున్న ఎడ్లు దానిని లాగలేవు. తేజస్ నౌకాదళ రూపానికి సరిగ్గా ఇదే జరిగింది. మార్పుల వల్ల కొన్ని వందల కిలోల బరువు పెరిగింది. ఎడ్లు మాత్రం అవే. వాయుసేన తేజస్‌లో ఉన్న ఎఫ్ 404 ఇంజనే ఇందులోనూ ఉంది. ఇంచుమించు 85 కిలోన్యూటన్ల చోదక బలాన్నిచ్చే ఆ ఇంజను వాయుసేన రన్‌వే మీద చాలింది. రెండు వందల మీటర్ల డెక్కు మీద అది చాలినంత కాలేదు.

ఈ ఇంజను వంశచరిత్రలోనే ఒక హెచ్చరిక దాగి ఉన్నది. అమెరికాలో వై.ఎఫ్. 17 అనే తేలికపాటి విమానం 1975లో అక్కడి వాయుసేన పోటీలో ఓడిపోయింది. దానిని నౌకాదళానికి తగినట్లుగా మార్చి ఎఫ్ 18 అనే పేరుతో నిర్మించారు. 1978లో అది మొదటిసారి ఎగిరింది. నేల విమానం నౌకా విమానంగా మారడం అసాధ్యం కాదని ఈ ఉదాహరణ చెబుతుంది. అయితే ఎలా మారిందన్నదే ముఖ్యం. రెక్కల వైశాల్యం పెంచారు, ఇంధనం మోసే శక్తి పెంచారు, దేహాన్ని కొత్తగా తీర్చారు, పాత ఇంజనుకు బదులు మరింత బలమైన కొత్త ఇంజనును తయారుచేశారు. ఆ ఇంజనే ఎఫ్ 404. అది ఎఫ్ 18లో రెండు ఉండగా తేజస్‌లో ఒక్కటే ఉంది. మిగ్ 29కెలో కూడ ఇంచుమించు అంతే బలమున్న ఇంజన్లు రెండున్నాయి. అంటే అమెరికా వారు పాత విమానం పేరును ఆనవాలుగా ఉంచుకొని వేరే విమానాన్నే నిర్మించారనవచ్చు. తేజస్ విషయంలో అందుకు అవకాశం లేదు, విమానం అప్పటికే వాయుసేన కోసం తీర్చబడి ఉన్నది.

ఎన్.పి. 1 అనే మొదటి నమూనా 2010 జూలైలో కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. ఇది ఇద్దరు కూర్చొనగల విమానం. 2012 ఏప్రిల్ 27న బెంగళూరులో కమోడోర్ జైదీప్ మావ్లంకర్ దీనిని తొలిసారి నడిపారు. ఒక్కరు మాత్రమే కూర్చొనే ఎన్.పి. 2 అనే రెండవ నమూనా 2015 ఫిబ్రవరి 7న ఎగిరింది. నేరుగా నౌక మీదికి వెళ్లడం ప్రమాదకరం గనుక, గోవాలోని నౌకాదళ విమాన స్థావరం ఐ.ఎన్.ఎస్. హంసలో నౌక డెక్కును పోలిన పరీక్షా కేంద్రాన్ని నేల మీద నిర్మించారు. అక్కడ నౌకలో ఉన్నటువంటి వంపు, ఆపే తీగలు ఉన్నాయి, సముద్రం ఊపు మాత్రం లేదు. 2014 డిసెంబరు 20న ఎన్.పి. 1 ఆ వంపు మీద నుంచి మొదటిసారి గాలిలోకి లేచింది.

2016వ సంవత్సరం తేజస్ చరిత్రలో రెండు ముఖాలు గలది. ఆ ఏడాది జూలై 1న బెంగళూరులో తేజస్ వాయుసేన 45వ స్క్వాడ్రన్‌లో లాంఛనంగా చేరింది. మూడు దశాబ్దాల శ్రమ ఫలించిందని దేశమంతా సంతోషించింది. అదే ఏడాది డిసెంబరులో నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ సునీల్ లాంబా, తేజస్ నౌకాదళ రూపం విమానవాహక నౌక అవసరాలను తీర్చలేదని, నౌకాదళం వేరే విమానం కోసం చూస్తుందని ప్రకటించారు. పూర్తి ఇంధనంతో, తగినన్ని ఆయుధాలతో డెక్కు మీద నుంచి లేవడానికి దాని బరువు, బలం సరిపోవన్నది కారణం. అభివృద్ధి కార్యక్రమానికి మద్దతు కొనసాగుతుందని కూడ ఆయన చెప్పారు.

ఈ నిర్ణయాన్ని కొందరు కఠినమైనదన్నారు. స్వదేశీ విమానాన్ని స్వదేశీ దళమే కాదంటే ఎవరు తీసుకుంటారన్నది వారి వాదం. ఆ బాధ అర్థం చేసుకోదగినదే. కాని యుద్ధ సమయంలో డెక్కు మీద నిలిచిన విమానం ఇంధనం సగం వదులుకొని లేస్తే ఎక్కువ దూరం పోలేదు, ఆయుధాలు వదులుకొని లేస్తే పోయి చేసేదేమీ ఉండదు. ఆ విమానంలో కూర్చొని వెళ్లేవాడి ప్రాణం, ఆ విమానాన్ని నమ్ముకొన్న నౌకలోని వందలాది నావికుల ప్రాణాలు ఈ లెక్కలో ఉన్నాయి. కాబట్టి నౌకాదళం కాదన్నది స్వదేశీ నైపుణ్యాన్ని కాదు, ఒక లెక్కను మాత్రమే. లెక్క సరిగానే ఉన్నది.

సేవలో చేరదని తెలిసిన తరువాత సాధారణంగా నమూనా విమానాలు ప్రదర్శనశాలలకు చేరుతాయి. తేజస్ నమూనాలు మాత్రం ఎగురుతూనే వచ్చాయి. నౌకాదళం మద్దతును ఉపసంహరించుకోలేదు, ఇంజనీర్లు పనిని విడిచిపెట్టలేదు. 2019 సెప్టెంబరు 13న గోవాలోని పరీక్షా కేంద్రంలో ఆ విమానం కొక్కెంతో తీగను పట్టుకొని ఆగింది. ఆ తరువాత రాత్రివేళ కూడ అదే విధంగా దిగింది.

2020 జనవరి 11న అరేబియా సముద్రంలో ప్రయాణిస్తున్న విక్రమాదిత్య మీద కమోడోర్ మావ్లంకర్ నడిపిన తేజస్ వాలింది. గంటకు 240 కిలోమీటర్లకు పైబడిన వేగంతో వచ్చిన విమానం తొంభై మీటర్ల లోపే, ఇంచుమించు రెండున్నర క్షణాలలో నిశ్చలమైంది. ఇంత తక్కువ దూరంలో ఆగాలంటే గురుత్వ త్వరణానికి రెండున్నర రెట్లయిన రుణ త్వరణం కావాలని భౌతికశాస్త్రం చదివే విద్యార్థి తానే లెక్కకట్టవచ్చు. మరుసటి రోజు అది స్కీ జంప్ మీదుగా గాలిలోకి లేచింది. భారతదేశంలో రూపొందిన యుద్ధ విమానం విమానవాహక నౌక మీద దిగడం, లేవడం అదే మొదటిసారి. ఆనాటికి రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు అధ్యక్షులుగా ఉన్నవారు నెల్లూరు జిల్లా మహిమలూరులో జన్మించిన డాక్టర్ జి. సతీష్ రెడ్డి.

తేజస్ వాలిన ఆ డెక్కుకు ఇటువంటి అతిథి కొత్త కాదు. విక్రమాదిత్య పూర్వం సోవియట్ నౌక. బాకు అనే పేరుతో 1987లో ఆ దేశపు నౌకాదళంలో చేరింది, తరువాత అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అయింది. యాక్ 141 అనే సోవియట్ యుద్ధ విమానం 1991 సెప్టెంబరులో దాని మీద దిగింది. రన్‌వే అక్కరలేకుండ నిట్టనిలువుగా దిగగల, ధ్వనిని మించిన వేగంతో ఎగరగల విమానమది. అప్పటికి అటువంటిది మరొకటి సేవలో లేదు. కొద్ది రోజులకే, అక్టోబరులో, ఒక నమూనా డెక్కు మీద దిగుతూ ప్రమాదానికి లోనైంది. వైమానికుడు బయటికి ఎగిరి ప్రాణాలు దక్కించుకొన్నాడు. ఆ సంవత్సరాంతానికి సోవియట్ యూనియనే లేకుండపోయింది. డబ్బు లేక యాక్ 141 కూడ నిలిచిపోయింది. ఒకే నౌక ఇరవైతొమ్మిదేండ్ల వ్యవధిలో, రెండు వేర్వేరు పేర్లతో, రెండు దేశాల జెండాల కింద, సేవకు నోచుకోని రెండు విమానాలకు చోటిచ్చింది. రెండింటిలో ఒకటి దేశం కూలిపోవడం వల్ల ఆగింది, మరొకటి కొన్ని వందల కిలోల బరువు వల్ల ఆగింది.

సేవలో చేరని విమానం మీద పెట్టిన ధనం, కాలం వ్యర్థమేనా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో చెప్పడానికి వీలులేదు. నౌకాదళానికి కావలసిన విమానాలు రాలేదు, అది నిజం. ఆ లోటును పూడ్చడానికి 2025 ఏప్రిల్‌లో భారతదేశం ఫ్రాన్స్‌తో 26 రఫేల్ నౌకాదళ విమానాల కొనుగోలుకు ఒప్పందం చేసుకొన్నది. పరదేశం వైపు చూడవలసిన అవసరం తీరలేదన్నమాట. అయితే డెక్కును తాకే క్షణంలో విమాన దేహంలో ఏ భాగం మీద ఎంత బలం పడుతుంది, తీగ లాగినపుడు చట్రం ఎలా వంగుతుంది, వంపు దాటిన తరువాత నియంత్రణ కంప్యూటర్ వైమానికుడికి ఎంత సాయపడగలదు అన్న సంగతులు ఏ దేశమూ మరొక దేశానికి అమ్మదు. పుస్తకాలలో దొరకవు. కొలత పరికరాలు అమర్చిన విమానాన్ని డెక్కు మీద దింపి తెలుసుకోవలసినవే. నియంత్రణ విధానమే ఇందుకు మంచి ఉదాహరణ. 1998లో ఆంక్షల వల్ల అర్ధంతరంగా తిరిగివచ్చిన శాస్త్రజ్ఞుల రంగమది. రెండు దశాబ్దాల తరువాత అదే రంగంలో పుట్టిన సాఫ్ట్‌వేర్ కదులుతున్న నౌక మీద విమానాన్ని దింపడంలో వైమానికుడికి తోడుగా నిలిచింది.

లోపమేదైనా ఉన్నదంటే అది నిర్మాణంలో కాదు, మొదటి ఆలోచనలోనే ఉన్నది. నేల విమానానికి నౌకాదళ రూపం ఒక అనుబంధమని తలచారు. సముద్రం ఆ అంచనాను ఒప్పుకోలేదు. ఆ తరువాత రూపకల్పన మొదలైన రెండు ఇంజన్ల డెక్ యుద్ధ విమానాన్ని తొలి గీత నుంచే నౌక కోసం ఉద్దేశించారు. నౌక లోపలి విమానశాలలో తక్కువ చోటు పట్టేలా దాని రెక్కలు మడుచుకొంటాయి. తేజస్ నమూనాలు డెక్కు మీద సేకరించిన సమాచారమే దాని రూపకర్తలకు ఆధారం.

కొచ్చిలో నిర్మించిన కొత్త విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. పాత విక్రాంత్ బ్రిటన్‌లో పుట్టినది, ఇది స్వదేశంలో కట్టిన మొదటి విమానవాహక నౌక. దాని డెక్కు మీద విమానాలను దింపే పరీక్షలు 2023 ఫిబ్రవరి 6న ప్రారంభమయ్యాయి. ఆ రోజు రష్యా నుంచి కొన్న మిగ్ 29కె వచ్చి దిగింది. తేజస్ నౌకాదళ నమూనా కూడ వచ్చి దిగింది. నౌకాదళ సేవలో ఉన్న విమానమూ, ఆ సేవలో చేరని విమానమూ ఒకే రోజున ఒకే డెక్కు మీది తీగలను పట్టుకొని ఆగాయి.